ఊఁ కొడితేనే కథ

ఏమర్రా, అందరూ చేరారా? ఆ చాప ఇటు లాగండి. అరుగు చివర్న కూర్చోకండి, పడతారు. చిన్నదాన్ని నా పక్కన కూర్చోపెట్టండి. బామ్మ వేయించిన వేరుశనక్కాయలు చేటలో ఉన్నాయి, ఒలుచుకు తింటూ వినండి. తొక్కలు మాత్రం చేటలోనే వెయ్యాలి.

నిన్న రాత్రి కథ మధ్యలో తుంచేశానని చిన్నదానికి కోపం వచ్చింది. నిజమే, తుంచేశాను. రాజకుమారుడు ఏడు సముద్రాలు దాటి మర్రిచెట్టు కిందికి చేరాడా, అక్కణ్ణించి నాకే దారి తప్పింది. చెప్పిందే రెండుసార్లు చెప్పాను. ఆఖరికి రాక్షసుడు చచ్చాడు, వాళ్ళిద్దరికీ పెళ్ళయింది అని రెండు ముక్కల్లో ముగించి లేచిపోయాను. తాతయ్యకి మతిమరుపు వస్తోందేమోనని పెద్దవాడు వాళ్ళమ్మతో అంటుంటే విన్నాను. మతిమరుపు కాదు నాన్నా. దానికో కారణం ఉంది. ఎంత చక్కటి కారణమో వింటే మీకే ముచ్చటేస్తుంది. కానీ అక్కడికి చేరాలంటే మాట ఎక్కడ పుడుతుందో, ఎలా నడుస్తుందో, ఎవరింటికి చేరుతుందో దాని వెంటే మనమూ నడవాలి. తొందరేం లేదు, కరెంటు ఇప్పట్లో వచ్చేలా లేదు.

ఏదీ, అందరూ గొంతు మీద చెయ్యి వేసుకోండి. పాము బుస కొట్టినట్టు "స్‌స్‌స్" అనండి. చేతికి ఏమైనా తగిలిందా? లేదు కదా. ఇప్పుడు నోరు మూసుకుని "మ్‌మ్‌మ్" అనండి. ఆఁ, తగిలింది! గొంతులో తుమ్మెద దూరి గిరగిర తిరుగుతున్నట్టు లేదూ? అక్కడ రెండు మెత్తటి మడతలుంటాయి. కింద ఊపిరితిత్తుల్లోంచి గాలి తోసుకొస్తుంటే ఆ మడతలు తెరుచుకుని మూసుకుని, తెరుచుకుని మూసుకుని అదురుతాయి. తిరనాళ్ళలో బుడగ కొనుక్కుని, దాని మూతిని రెండు వేళ్ళతో సాగదీసి గాలి వదిలితే కీచుమంటుందే, అదే కిటుకు. నాలాంటి మగవాడి గొంతులో ఆ మడతలు సెకనుకి 100, 120 సార్లు అదురుతాయి. మీ బామ్మకి 200 దాకా. చిన్నదాని గొంతులో అయితే 300 దాకా పోతుంది, అందుకే దాని గొంతు అంత సన్నం. మన చెవి దగ్గర సంగీతం పాడుతోందే ఈ దోమ, దాని రెక్కలు అంతకంటే వేగంగా కొట్టుకుంటాయి.

అయితే గొంతులో పుట్టేది వట్టి మోతే, ఇంకా మాట కాదు. సంక్రాంతికి బామ్మ జంతికల గొట్టం తీస్తుంది కదా, పిండి ఒకటే. బిళ్ళ మారిస్తే జంతికలు, ఇంకో బిళ్ళ వేస్తే కారప్పూస, మరోటి వేస్తే రిబ్బను పకోడీ. గొంతు మోత పిండి అనుకోండి, నోరు గొట్టం, నాలుకా పెదవులూ బిళ్ళలు. నోరు బాగా తెరిస్తే "ఆ", పెదవులు సున్నా చుడితే "ఊ", ఇకిలిస్తే "ఈ".

మీకు పలక మీద దిద్దించిన అక్షరాలు ఉన్నాయే, అవి ఎవరో తోచినట్టు పేర్చినవి కావు. నిదానంగా అనండి: క, చ, ట, త, ప. నాలుక ఎక్కడ తగులుతోందో చూసుకోండి. "క" గొంతు దగ్గర. "చ" అంగిలి మధ్యలో. "ట"కి నాలుక కొస మడతబడి పైకి వెళుతుంది. "త"కి పళ్ళని ముట్టుకుంటుంది. "ప" వచ్చేసరికి నాలుకతో పనే లేదు, పెదవులు చూసుకుంటాయి. పెరటి గదిలో మొదలుపెట్టి వీధి గుమ్మం దాకా ఇల్లు ఊడ్చుకొచ్చినట్టు లేదూ! రెండు వేల ఏళ్ళకి పైబడిన మాట ఇది. ఏ పరికరమూ లేకుండా, తమ నోటిని తామే పరీక్షించుకుని ఈ వరస కట్టారు మన పెద్దలు. అఆలు నేర్చుకున్న అరవయ్యేళ్ళకి గానీ నాకీ సంగతి తట్టలేదు. తట్టిన రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా "క చ ట త ప" అనుకుంటూ తిరిగాను.

ఇంకో తమాషా చూపిస్తా. ముక్కు గట్టిగా మూసుకుని "మామ" అనండి. ఏం వచ్చింది? "బాబ"! నవ్వకండి, మళ్ళీ అనండి. "మ"కీ "బ"కీ పెదవుల పని ఒకటే. "మ" అన్నప్పుడు మాత్రం గాలి ముక్కు దారిన బయటికి పోవాలి. ఆ తలుపు మూసేస్తే "మ" లేదు. జలుబు చేసినవాడు "అమ్మా" అని పిలిస్తే "అబ్బా" అని మూలిగినట్టు ఉండేది ఇందుకే.

సరే, మాట నోరు దాటింది. గాలిలో ఎలా నడుస్తుంది? గాలి ఎగిరి వచ్చి మన చెవిలో దూరదు. మొన్న పక్కింటి స్లాబు వేసేటప్పుడు చూశారుగా, కూలీలు నిచ్చెన పొడుగునా నిలబడి తట్టలు అందించుకున్నారు. మనుషులు ఎక్కడివాళ్ళక్కడే, తట్ట మాత్రం మేడెక్కింది. గాలి కూడా అంతే. నా నోటి ముందున్న గాలి పక్క గాలిని తోస్తుంది, అది దాని పక్కదాన్ని తోస్తుంది. ఆ తోపు చేతులు మారుతూ సెకనుకి 340 మీటర్లు పరిగెడుతుంది.

మా చిన్నప్పుడు మా ఊరి చెరువుకి అవతలి గట్టున చాకిరేవు ఉండేది. ఈ గట్టున కూర్చుని చూస్తుంటే బట్ట బండ మీద పడడం కనిపించేది, చప్పుడు మాత్రం వినిపించేది కాదు. బట్ట మళ్ళీ పైకి లేచేసరికి, అప్పుడు వచ్చేది "ధబ్" అని! బండ మీద పడితే చప్పుడు లేదు, గాల్లోకి లేస్తే చప్పుడు. నాకు అదో పెద్ద వింతగా ఉండేది. మా నాన్నగారిని అడిగితే, "చూపు గుర్రమెక్కి వస్తుందిరా, చప్పుడు నడిచి వస్తుంది" అన్నారు. ఆయన సైన్సు చదువుకోలేదు. అయినా అంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

ఇక చెవి. లోపలికి వెళితే ముందు ఒక పల్చటి పొర, చిన్న డప్పు. గాలి తోపు తగలగానే అదురుతుంది. దాని వెనక మూడు బుల్లి ఎముకలు ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి. వాటిలో మూడోది గుర్రపు స్వారీలో కాలు పెట్టుకునే రికాబులాగే ఉంటుంది. మొత్తం ఒంట్లోకల్లా చిన్న ఎముక అది, మూడు మిల్లీమీటర్లు. అంటే బియ్యపు గింజలో సగం. అది వెళ్ళి బఠాణీ గింజంత నత్తగుల్ల తలుపు తడుతుంది. ఆ గుల్ల నిండా నీళ్ళు, నీళ్ళలో సన్నటి కేశాలున్న కణాలు, ఒక్కో చెవిలో సుమారు 15,000. పైరగాలికి నారుమడి తలూపినట్టు అవి ఊగుతాయి. ఆ ఊపే నరం వెంట మెదడుకి కబురు మోసుకెళుతుంది. సన్నని కీచు చప్పుళ్ళకి గుల్ల గుమ్మం దగ్గరి కేశాలు ఊగుతాయి, బొంగురు చప్పుళ్ళకి లోపలి కొసన ఉన్నవి.

చెవి విన్నదాన్ని మెదడు ఎలా తూకం వేస్తుందో, దానికి ఒక ముచ్చట చెప్పాలి. మీ బాబాయి దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు పక్కింటావిడ నన్ను "టాటా" అని పిలిచేది. పాపం, మన పిల్లలు "తాతా" అనడం విని తనూ ఆప్యాయంగా పిలిచింది. టాటా కాదమ్మా, తాత అన్నాను. రెండూ ఒకటే కదా అంది. ఆవిడ చెవికి నిజంగానే ఒకటి! ఇంగ్లీషులో "ట", "త" అని మనలా రెండు వేరు హల్లులు లేవు. మరి పుట్టినప్పుడు కూడా ఆవిడ చెవి అంతేనా? కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు సరిగ్గా దీన్నే పరీక్షించి 1984లో అచ్చు వేశారు. హిందీవాళ్ళు పలికే ట, త ధ్వనుల్ని ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన పసివాళ్ళకి వినిపించారు. ఒకే ధ్వని వస్తూ వస్తూ మారిపోయినప్పుడు బిడ్డ తల తిప్పితే అక్కడో బొమ్మ వెలిగి ఆడుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు టక్కున తల తిప్పారు! వాళ్ళకి టా వేరు, తా వేరు. అదే పది, పన్నెండు నెలల పిల్లలకి వచ్చేసరికి చాలామందికి ఆ తేడా జారిపోయింది. హిందీ ఇళ్ళలో పసివాళ్ళకి మాత్రం పదకొండు నెలలప్పుడూ చెక్కుచెదరలేదు. అంటే ప్రతి బిడ్డా ప్రపంచంలోని అన్ని భాషల విత్తనాలూ గుప్పిట పట్టుకుని పుడుతుందన్నమాట. ఏడాది తిరిగేలోపు ఇంట్లో ఏవి వినిపిస్తే వాటికి నీళ్ళు పోసుకుంటుంది. ఉయ్యాల్లో పడుకుని పైకి చూస్తూ ఉంటుంది, ఏమీ తెలియనిదనుకుంటాం. లోపల ఎంత పని నడుస్తుందో చూశారా!

మరి నా వయసు వచ్చేసరికి? గడప మధ్యలో అరిగినట్టు, ఆ నత్తగుల్ల గుమ్మం దగ్గరి కేశాలే ముందు పోతాయి. పోయినవి మళ్ళీ మొలవవు. గుమ్మం దగ్గరివి కీచు ధ్వనులవి అని చెప్పానుగా. మాటల్లో స, ష, త లాంటి హల్లులు అలాంటివే. ఆ, ఊ, ఓ లాంటి అచ్చులు మాత్రం బాగానే చేరతాయి. అందుకే ముసలివాళ్ళు వినపడుతోంది గానీ తెలియడం లేదంటారు. మొన్న బామ్మ స్నానాల గదిలోంచి "సబ్బు" అంటే నేను పర్సు తీసుకుని "ఎంత కావాలి?" అన్నాను. నాకు "డబ్బు" అని తోచింది మరి! చెవి అందుకోలేని ముక్కని మెదడు తనకి తోచినదాంతో పూరించుకుంటుంది. ఇలాంటప్పుడు అరవకూడదు. అరిస్తే పెద్దవయ్యేది అచ్చులే, అవి ముందే వినపడుతున్నాయి. ఎదురుగా వచ్చి, మొహం చూపించి, నిదానంగా చెప్పాలి. మొహం ఎందుకంటారా? కళ్ళు కూడా వింటాయి కాబట్టి. 1976లో మెగర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు ఇంగ్లండులో ఓ తమాషా చేశారు. తెర మీద మనిషి పెదవులు "గ" అంటుంటాయి, వినిపించే గొంతు "బ" అంటుంది. చూస్తున్నవాళ్ళకి రెండూ కాకుండా "ద" వినిపించింది! కరోనా రోజుల్లో అందరూ మాస్కులు కట్టుకుంటే నాకు సగం మాటలు తెలిసేవి కావు, అది గుడ్డ అడ్డంవల్లనే కాదు. పెదవులు కనపడక.

మాట తెలియకపోతే ఏం చేస్తాం? "ఆఁ?" అంటాం. అంతేగా? నెదర్లాండ్స్‌లో నైమేగన్ అనే ఊళ్ళో మనుషుల మాటతీరుని చదివే పెద్ద సంస్థ ఉంది. అక్కడివాళ్ళు ఈ "ఆఁ?" మీద కూడా పరిశోధన చేశారర్రా! ఐస్‌లాండు భాష, లావోస్ వాళ్ళ లావో, ఘానాలో ఓ చిన్న జాతి మాట్లాడే సివూ, ఇలా ఒకదానికొకటి చుట్టరికం లేని భాషలెన్నో తీసుకుని, మనుషులు ఇళ్ళలో మామూలుగా కబుర్లాడుకుంటుంటే రికార్డు చేసి విన్నారు. 2013లో చెప్పారు, అన్నిట్లోనూ "ఆఁ?", "హాఁ?" లాంటి మాటే ఉందని. నీళ్ళకి ఒక్కో భాష ఒక్కో పేరు పెట్టుకుంది, కుక్కకి ఒక్కో పేరు పెట్టుకుంది. అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు అనడానికి మాత్రం లోకమంతా ఇంచుమించు ఒకేలా నోరు తెరిచింది. అలా అడగాల్సిన అవసరం ఎంత తరచుగా వస్తుందో కూడా లెక్క కట్టారు. సుమారు నిమిషన్నరకి ఒకసారి! మాట తప్పిపోవడం, వెనక్కి పిలిచి సరిచేసుకోవడం, మళ్ళీ సాగడం. చినిగినచోట కుట్టుకుంటూ నేసిన బట్టన్నమాట మన కబుర్లు. మా తరం నలుగురిలో అడగడానికి మొహమాటపడేది. మీరు పడకండి. నన్ను పదిసార్లు "ఆఁ?" అనండి, పదకొండోసారి కూడా చెబుతా.

ఇంకా ఆశ్చర్యపోయే సంగతి ఒకటుంది. ఒకరు ప్రశ్న ముగించాక రెండోవాళ్ళు జవాబు అందుకోవడానికి పట్టే ఖాళీ ఎంతనుకున్నారు? 2009లో పది భాషల్లో కొలిస్తే సగటున సెకనులో అయిదోవంతు తేలింది. రెప్పపాటు. జపానువాళ్ళు అందరికన్నా చురుకు, డెన్మార్కువాళ్ళు కాస్త నిదానం, ఆ ఇద్దరికీ మధ్య తేడా కూడా అరసెకను లేదు. కానీ చిక్కేమిటంటే, తెలిసిన బొమ్మే చూపించి పేరు చెప్పమన్నా నోటికి రావడానికి అరసెకను పైనే పడుతుంది. మరి రెప్పపాటులో జవాబు ఎలా వస్తోంది?

ఆలోచించండి. నేను "పాలు పితికే ముందు దూడని..." అన్నాననుకోండి. చూశారా, చిన్నది "విడవాలి" అనేసింది! నేను క్రియ దాకా రానే లేదు. తెలుగులో క్రియ మామూలుగా వాక్యం చివర్న గానీ రాదు. ఆవు చేపాలంటే దూడని విడవాలని చిన్నదానికి తెలుసు, కాబట్టి నాకంటే ముందే పాకలోకి పరిగెత్తి నిలబడింది. వినేవాళ్ళు ఊరికే కూర్చోరర్రా. చెప్పేవాడు ఎటు వెళుతున్నాడో కనిపెట్టి, మలుపు దగ్గర ముందే కాచుకుని ఉంటారు. కూలీ తట్ట అందించకముందే పైమెట్టువాడు చేతులు చాచి ఉంచుతాడే, అలాగ.

ఇప్పుడొచ్చాం నిన్నటి కథ దగ్గరికి.

కెనడాలోనే విక్టోరియా విశ్వవిద్యాలయంలో జానెట్ బావెలస్ అనే ఆవిడా, ఆవిడ తోటివాళ్ళూ 2000లో ఒక పరీక్ష గురించి రాశారు. తృటిలో ప్రమాదం తప్పిన తమ కథేదైనా చెప్పమని ఒకరికి చెప్పారు. ఎదురుగా ఒకరు కూర్చుని వింటారు. కొందరు శ్రోతలకి మామూలుగా వినమన్నారు. కొందరికి మాత్రం చెప్పేవాళ్ళకి తెలియకుండా ఒక పని అప్పగించారు: ఇంగ్లీషు "టి" అక్షరంతో మొదలయ్యే మాట వచ్చినప్పుడల్లా ఒక మీట నొక్కాలి. అంటే చెవి ఒగ్గి వింటూనే ఉంటారు, ఒక్క మాట కూడా వదలరు. కానీ కథ వినరు. మాటలు ఏరుకుంటూ ఉంటారు, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. ఏమైంది? చెప్పేవాళ్ళ కథ పాడైపోయింది! ముఖ్యంగా ముగింపు. కొందరు గభాల్న తుంచేశారు, కొందరు చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పారు, నిజంగా ప్రమాదమేనండీ అని నచ్చజెప్పుకోవడం మొదలుపెట్టారు. స్వయంగా తమకి జరిగిన కథే! అది కూడా తిన్నగా చెప్పలేకపోయారు.

వాళ్ళు ఇంకోటి గమనించారు. వినేవాళ్ళ ఊఁలు రెండు రకాలు. ఒకటి కథ ఎక్కడున్నా సరిపోయే వట్టి ఊఁ, బండి చక్రం చప్పుడు లాంటిది. రెండోది ఆ చోటికే తగింది: "అయ్యో!", "అమ్మ బాబోయ్!", ఊపిరి బిగపట్టడం, కళ్ళు పెద్దవి చెయ్యడం. ధ్యాస మళ్ళితే ముందు మాయమయ్యేది ఈ రెండోదే. నిన్న పెద్దవాడు ఊఁ కొట్టలేదని నేననను. కొట్టాడు, పాపం, గడియారంలా. చేతిలో ఫోను వెలుగుతోంది. రాజకుమారుడు సముద్రంలో పడ్డాడన్నా అదే ఊఁ, ఒడ్డెక్కాడన్నా అదే ఊఁ. మిగిలినవాళ్ళు కూడా ఆ వెలుగులోకే తొంగిచూస్తున్నారు. నా కథ కాళ్ళ కింద నేల జారిపోయింది. కోప్పడటం లేదు నాన్నా, ఎంత సూక్ష్మంగా నడుస్తుందో చూడు! నీ కళ్ళు ఎటో తిరిగితే నా నోట్లో రాజకుమారుడు దారి తప్పాడు.

మన బుర్రకథవాళ్ళకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. కథకుడు ఒక్కడు నిలబడడు. అటొకరూ ఇటొకరూ ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తూ "తందాన తాన" అందుకుంటారు. ఒకరు నవ్విస్తారు, ఒకరు ప్రశ్నలు వేస్తారు. పొన్నెకల్లు షేక్ నాజర్ కథ చెబుతుంటే నా చిన్నతనంలో జనం బళ్ళు కట్టుకుని వెళ్ళేవారు. 1986లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. అంతటివాడి పక్కన కూడా ఇద్దరు వంతలుండాల్సిందే. వేలమంది కళ్ళు ఎదురుగా ఉన్నా, ఊఁ కొట్టేవాళ్ళని తన వెంటే తెచ్చుకున్నాడు కథకుడు.

అసలు ఆ ఊఁ చూడండి, నోరు తెరవక్కర్లేదు. ఇందాక పట్టుకున్న తుమ్మెదా, ముక్కు దారీ, అంతే సరంజామా. కిందికి దించితే సరే, చెప్పు. పైకి ఎత్తితే నిజంగానా? మధ్యలో విరిస్తే ఊహూఁ, కాదు. మా నాయనమ్మ ఆ ఊఁని బట్టి నాడి చూసేది. వేసవి రాత్రుళ్ళు వాకిట్లో నులకమంచం మీద ఆవిడ పక్కన పడుకుంటే కథ మొదలయ్యేది. నా ఊఁ మొదట గట్టిగా ఉండేదట, తర్వాత సన్నగిల్లేదట, ఆ తర్వాత రెండు మాటలకి ఒకటి, నాలుగు మాటలకి ఒకటి. ఆగిపోయిన చోట ఆవిడా ఆపేసేది. మర్నాడు రాత్రి నేను గుర్తు చెయ్యకుండానే సరిగ్గా అక్కణ్ణించే అందుకునేది. నేను ఎక్కడిదాకా విన్నానో నాకు తెలిసేది కాదు, ఆవిడకి తెలిసేది.

సరే, కరెంటు రాకపోతే రాకపోయింది, వెన్నెల బాగానే ఉంది. చిన్నదానికి ఇంకో నాలుగు గింజలు ఒలిచి పెట్టండి. నిన్న ఎక్కడ తప్పిపోయాం, మర్రిచెట్టు దగ్గర కదూ? ఆ మర్రిచెట్టుకో తొర్ర. తొర్రలో ఓ పంజరం, పంజరంలో ఓ చిలక. ఆ చిలక రాజకుమారుణ్ణి చూసి మనిషి గొంతుతో...

ఏదీ, ఊఁ అనండి.